తర్జుమా

ఠాణా నుంచి ఫోనొచ్చేసరికి మేం ఆఫీసులో కూర్చుని ఒక ఉర్దూ ప్రకటనను తెలుగు చేస్తున్నాం. అది 2009, ఎండాకాలం. జిల్లా కేంద్రంలో ఒక తెలుగు పేపరుకి పనిచేస్తున్న రోజులు. "మేడం, ఒక తురక పిల్ల వచ్చింది. మొగుడు కొట్టిండట. ఏడుసుకుంట తురకంల చెప్తుంది, మాకు సమజైతలేదు. జర వచ్చి తెలుగుల చెప్తరా?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్. ఆయన ఆ మాట తిట్టుగా అనలేదు. మా పేరు తెలుసు, మా ఇల్లు తెలుసు. ఆ మాట మాకెట్లా వినిపిస్తుందన్నదే ఆయనకి తెలీదు. వెళ్ళాం.

ఇరవై రెండేళ్ళుంటాయేమో. ఒళ్ళో రెండేళ్ళ పాప, పాప చేతిలో ఖాళీ పాలసీసా. బురఖా నఖాబు వెనక్కి వేసుకుంది గానీ మెడ చుట్టూ ఓణీ బిగించి కట్టుకుంది, అంత ఎండలోనూ. అన్న వెంట వచ్చాడు, కానీ లోపలికి రాలేదు. గేటు దగ్గర బండి మీద కూర్చుని ఇటు చూడకుండా ఉన్నాడు. మమ్మల్ని చూడగానే ఆ పిల్ల లేచి నిలబడింది. "ఆపా, హమ్నా బహుత్ మారే" అంది.

చెప్పాం. "మమ్మల్ని బాగా కొట్టారు అంటోంది."

ఎస్సై తల ఎత్తకుండానే "ఎంతమందిని? ఎవరెవరు కొట్టిన్రు?" అన్నాడు.

దక్కనీలో ఆడపిల్ల తనని తాను 'హమ్' అంటుందని, మొగుణ్ణి గౌరవంగా బహువచనంలో చెప్తుందని, ఇక్కడ దెబ్బలు తిన్నది ఒక్కతే, కొట్టింది ఒక్కడే అని విడమరిచి చెప్పాల్సి వచ్చింది. "కొట్టినోనికి కూడ మర్యాదనా?" అని నవ్వాడు. తెలుగిళ్ళల్లో మాత్రం? "మా ఆయన కొట్టారండీ" అనే కదా చెప్పుకుంటారు. ఆ మాట అనబోయి ఊరుకున్నాం.

ఈ వ్యాసం పొడుగునా మేం 'మేం' అనే రాస్తున్నాం. మా ఇంట్లో అలవాటే అది. 'మై' అంటే దాదీమా మందలించేది, అందులో గర్వం ఉందనేది. చిన్నప్పుడు బళ్ళో తెలుగు సార్ "మీరెంతమంది రా లోపల?" అని ఆటపట్టించేవాడు. బి.ఎ. అయ్యాక ఉద్యోగంలో చేరినా ఆ 'మేం' పోలేదు. పైగా బయట ఎవరైనా మమ్మల్ని ఒక్కరిగా ఎప్పుడు చూశారని? పాకిస్తాన్ మ్యాచి ఉన్నరోజు, ఎక్కడో బాంబు పేలిన రోజు, ఏదో ఊళ్ళో తలాక్ వార్త వచ్చినరోజు జవాబు మేమే చెప్పాలి, అందరి తరఫునా. ఆ అలవాటు ఆ రోజు ఠాణాలో ఏం చేయించిందో చెప్పటానికే ఇదంతా.

మధ్యాహ్నానికల్లా 'కౌన్సెలింగు' అన్నారు. మొగుణ్ణి పిలిపించారు. వెంట వాళ్ళమ్మ, మసీదు కమిటీ సదర్ సాబు, ఇంకో ఇద్దరు పెద్దలు. ఒక బల్ల మీద వాళ్ళు, ఎదుటి బల్ల మీద ఈ పిల్ల, పక్కన మేం. పోట్లాడుకున్న ఇద్దరు పిల్లల్ని హెడ్మాస్టరు గదిలో నిలబెట్టినట్టు. అరగంట సేపు మొగుడే మాట్లాడాడు. మాట వినదట, అన్నం వేళకి పెట్టదట, పుట్టింటికి ఊరికే ఫోన్లు చేస్తుందట. ఒక్కో కారణానికీ ఎస్సై ఆ పిల్ల వైపు తిరిగి "నిజమేనా?" అని అడిగాడు. మేం ఉర్దూ చేశాం. వేళకి అన్నం పెట్టావా లేదా అన్నది ఆమె తేల్చుకోవాల్సిన నేరం అయింది, మా నోటితోనే. సదర్ సాబు "బేటీ, సబర్ కరో. మర్ద్ కా గుస్సా హై, ఉతర్ జాతా" అన్నాడు. అది తెలుగు చేయబోతుంటే ఎస్సై తనే అందుకుని, "రెండు గిన్నెలు ఒకదగ్గరుంటె సప్పుడు గాదా అమ్మా, సర్దుకపోవాలె" అన్నాడు. ఆ ఒక్కచోట మా అవసరం పడలేదు. ఇద్దరి మాటా ఒకటే.

అప్పుడు గుమ్మం దగ్గర నిలబడ్డ హోంగార్డు పక్కవాడితో అన్నాడు, మెల్లగానే, కానీ మాకు వినపడేట్టు: "వీళ్ళల్ల గింతేనే. నలుగుర్ని జేస్కుంటరు, కొడ్తరు, మూడు మాటలంటె అయిపాయె."

ఒళ్ళు మండింది. సరిగ్గా అప్పుడే ఆ పిల్ల నోరు తెరిచింది. ఓణీ ముడి విప్పింది. "గలా దబాయే ఆపా. సాఁస్ నై ఆరీ థీ" అంది. మెడకి రెండు పక్కలా మచ్చలు, కమిలిన నీలం, మధ్యలో గోరు గీత.

అందరూ మా వైపు చూశారు. సదర్ సాబు చూశాడు. హోంగార్డు కూడా చూశాడు. గొంతు నొక్కాడు, ఊపిరాడలేదు అని చెప్పాలి. తెలుగులో ఆ నాలుగు మాటలు మాకు రావా? రోజూ తెలుగులో వార్తలు రాసేవాళ్ళం. "మెడ పట్టుకున్నాడంట" అన్నాం.

అంతే. ఎస్సై కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఆ పిల్ల మా ముఖంలోకి చూసింది. ఎందుకలా చూసిందో అప్పుడర్థం కాలేదు. తర్వాత లేడీ కానిస్టేబుల్ దగ్గరికి వెళ్ళి "అక్కా, పాపకి జర నీళ్ళిస్తవా" అని శుభ్రమైన తెలుగులో అడిగింది. నీళ్ళడగటానికి వచ్చిన తెలుగు, ఒంటి మీద దెబ్బలు చెప్పటానికి రాలేదు ఆమెకి. మేం చెప్పిన ప్రతి మాటా మాత్రం అర్థమైంది.

తెల్లకాగితం మీద 'ఇకముందు కొట్టను' అని మొగుడు రాసిచ్చాడు. ఆమె ఉర్దూలో సంతకం పెడితే "ఈ గీతలేందమ్మా, వేలిముద్ర ఎయ్యి" అన్నారు. చదువుకున్న పిల్ల, సంతకం పక్కనే వేలిముద్ర వేసింది. సాయంత్రం నాలుగింటికి ఆ బల్ల మీదివాళ్ళతోనే ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

తెలుగులో ఒక సామెత ఉంది కదా, మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందని. ఆ రోజు మేం చేసింది అదే. కాకపోతే ఏడవాల్సింది ఆమె, ఏడ్చింది మేం.

మా ఇంట్లో ఈ ఏడుపు పాతదే. మా ఫుప్పు ససురాల్ యాకుత్‌పురాలో. పండక్కి నల్గొండ వచ్చినప్పుడు మోచేతుల దాకా లక్కగాజులు వేసుకొచ్చేది. లాడ్ బజారు గాజులు, అద్దాలు పొదిగినవి. మేం వాటికోసం ఎగబడేవాళ్ళం, తీసి ఇమ్మంటే ఇచ్చేది కాదు. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో అమ్మీ ఆమె చేతులకి నూనె, పసుపు కలిపి రాస్తుంటే ఒకసారి చూశాం. పొద్దున అడిగితే "బావి దగ్గర జారిపడింది" అన్నారు. వాళ్ళింట్లో బావి లేదు, నల్లా ఉంది. దాదీమా తన కూతురికి చెప్పిన మాట ఒకటే: డోలీలో పోయినదానివి, జనాజాలోనే బయటికి రావాలి. గోడవతల లక్ష్మమ్మ వచ్చి కూర్చుని "మొగోడన్నంక కొట్టడా బిడ్డా" అని ఓదార్చేది. ఆమె వీపు మీద వాతలు మేం వేరే సందర్భంలో చూశాం. గోడకి అటూ ఇటూ దెబ్బల లెక్కలో పెద్ద తేడా ఉండేది కాదు. ఇప్పటికీ అంతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలంగాణలో పెళ్ళయిన ఆడవాళ్ళని అడిగితే మూడోవంతుకి మించి మొగుడి చేతి హింస చూశామన్నారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నూటికి ఎనభై మందికి పైగా ఆడవాళ్ళు, ఏదో ఒక కారణానికి మొగుడు కొట్టడం సబబే అన్నారు. ఇవి మా గల్లీ లెక్కలు కావు. అన్ని గల్లీలవీ.

1992లో, చలి మొదలయ్యే రోజుల్లో, ఫుప్పు మణికట్టు విరిగి వచ్చింది. అప్పటికి మాకు పన్నెండేళ్ళు. ఈసారి అబ్బా ఊరుకోలేదు. హైదరాబాదులో తెలిసిన వకీలుతో మాట్లాడాడు, డిసెంబరులో ఒకరోజు రమ్మన్నారు. ఫుప్పు చదువుకున్నది నాలుగో తరగతే అయినా ఏమేం చెప్పాలో అమ్మీ దగ్గర కూర్చుని తేదీలతో సహా గుర్తు చేసుకునేది. ఆ నెల 6న మసీదు కూలింది. హైదరాబాదులో కర్ఫ్యూ. రేడియో ముందు మగవాళ్ళు, వంటింట్లో ఆడవాళ్ళు, ఎవరూ ఎవరితోనూ మాట్లాడని రోజులు. వారం తర్వాత అబ్బా వకీలు ఊసెత్తితే ఎవరూ వద్దనలేదు. ఫుప్పే అంది: "అభీ నక్కో భాయ్‌జాన్." ఇప్పుడొద్దన్నయ్యా అని. బయట ఇంత జరుగుతుంటే మన ఇంటి మగాడి మీద మనమే కోర్టుకెక్కుతామా అన్నది ఆ మాటలో ఉంది. మణికట్టు కట్టు విప్పగానే జనవరిలో వెళ్ళిపోయింది. ఆ 'ఇప్పుడు' ఆమెకి ఎన్నటికీ అయిపోలేదు. ఎముక వంకరగా అతుక్కుంది. పోయేదాకా రోటీలు ఎడమచేత్తోనే వత్తింది.

ఠాణా నుంచి వచ్చాక మేం చాలా రోజులు ఫుప్పు గురించే ఆలోచించాం. ఆ తర్వాత చట్టాలు తిరగేశాం. ముందే తిరగేయాల్సింది. కొట్టే మొగుణ్ణి శిక్షించే 498-ఎ సెక్షను 1983లోనే వచ్చింది. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లుగా అదే ఉంది. 2005 గృహహింస చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. మతంతో పని లేదు దానికి. జైలు కంటే ముందు ఆమెకి రక్షణ, ఉన్న ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులు చూస్తుంది. రక్షణాధికారి అని ఒకరుంటారు, జరిగింది రాసుకుని మేజిస్ట్రేటుకి పంపాలి. మేం ఆ బల్ల మీద కూర్చున్ననాటికి ఆ చట్టానికి రెండున్నరేళ్ళు. ఆ గదిలో ఒక్కరి నోటా దాని పేరు రాలేదు, మా నోటా రాలేదు.

మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ కుదిపింది దాని కింద 2006లో వచ్చిన నియమాల్లో కౌన్సెలింగు గురించిన భాగం. ఎందుకు కొట్టాల్సి వచ్చిందో సమర్థించుకునే అవకాశం కౌన్సెలింగులో ఎదుటివాడికి ఇవ్వకూడదని రాసి ఉంది. ఇంకెప్పుడూ జరగదన్న హామీ రాబట్టడమే దాని ఉద్దేశం. మేం అరగంటసేపు అన్నం వేళల గురించి తర్జుమా చేసింది గుర్తొచ్చింది. ఇంకొకటి, ఈ పని తెలిసిన కౌన్సెలర్లు చెప్తే తెలిసింది. వచ్చినామెని వాళ్ళు ముందుగా అడిగేవాటిలో ఒకటి: ఎప్పుడైనా గొంతు నొక్కాడా? చెంపదెబ్బ లెక్క వేరు, ఇది వేరు. ఒకసారి గొంతు మీద చెయ్యేసినవాడి చేతిలో ప్రాణం పోయే ప్రమాదం చాలా ఎక్కువ. అట్లాంటి ఆమెని ఆ సాయంత్రం అదే ఇంటికి పంపకూడదు. మేం తేల్చి చెప్పిన మాట సరిగ్గా అదే.

మా పెద్దలు 'దీన్‌లో ఉంది' అంటారు. సూరయె నిసాలోని ఒక ఆయత్ చూపిస్తారు, ఆలిములే దానికి ఎన్ని రకాలుగా అర్థాలు చెప్పారో చెప్పరు. ప్రవక్త ఏ స్త్రీ మీదా చెయ్యెత్తలేదని ఆయెషా చెప్పినట్టు హదీసుల్లో ఉందని వీళ్ళకి తెలీదా? సాబిత్ భార్య హబీబా కథ తెలీదా? మొగుడు కొడితే ఆమె తెల్లవారకముందే చీకట్లో వచ్చి ప్రవక్త గుమ్మం దగ్గర నిలబడింది. ఎవరని అడిగితే పేరు చెప్పింది, ఇక అతనితో ఉండలేనంది. మెహర్‌గా ఇచ్చిన తోట అతనికి తిరిగి ఇప్పించి ఆమెని విడిపించారు. సబర్ చెయ్యమని వెనక్కి పంపలేదు. చుట్టూ శత్రువులున్నారు, ఇప్పుడొద్దు అనలేదు. ఖులా అంటే చెప్పే మొదటి కథే ఇది. మా సదర్ సాబులకి నమాజు వేళలు నిమిషాలతో సహా తెలుసు, ఈ తెల్లవారుజాము ఎందుకు గుర్తుండదో.

చట్టమూ కొత్తదేం కాదు. 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టంలో మొగుడి క్రూరత్వం విడాకులకి కారణం, ఒంటి మీద దెబ్బ లేకపోయినా, బతుకు నరకం చేసినా సరే. దేశంలో చాలామంది ఆడవాళ్ళకి ఏ దారీ లేనినాడు మా నానీమాల చేతిలో ఆ కాగితం ఉంది. వాళ్ళకి ఎవరూ చదివి వినిపించలేదు. 2019లో తలాక్ చట్టం వచ్చినప్పుడు మాత్రం అందరూ చదివి వినిపించారు. మా ఆడవాళ్ళ మీద అంతటి ప్రేమ అంతకుముందు ఎక్కడ దాచుకున్నారో గానీ. ఒక్క గుక్కలో తలాకంటే మూడేళ్ళ జైలు. సరే, ఆ మాట పోవాల్సిందే. కానీ మా చెవిన పడిన సంసారాల్లో మొగుడు తలాక్ అననే అనడు, పుట్టింట్లో దించి ఫోనెత్తడం మానేస్తాడు. చెయ్యి ఎత్తినవాడి గురించి ఆ చట్టంలో ఏమీ లేదు. దానికంటే మా తెలంగాణ నుంచే వెళ్ళిన కేసులో 2024 జులై 10న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మాకు ఎక్కువ పనికొస్తుంది: విడాకులైన ముస్లిం స్త్రీ కూడా అందరిలాగే 125 సెక్షను కింద మనోవర్తి అడగొచ్చు. 2025 జూన్‌లో హైకోర్టు, భార్య ఖులా కోరితే దానికి మొగుడి ఒప్పుదల అవసరం లేదంది.

మనుషులు కూర్చునే చోట్లూ పెరిగాయి, కాదనం. 2006లో భూమిక వాళ్ళు హెల్ప్‌లైన్ పెట్టారు. పాతబస్తీ సుల్తాన్‌షాహీలో జమీలా నిషాత్ 2002లో షాహీన్ మొదలుపెట్టారు. ఆమె కవయిత్రి, గల్లీలో మాట్లాడే దక్కనీలోనే రాస్తారు. అక్కడికి వచ్చినామెకి తర్జుమా అక్కర్లేదు, 'జీ ఘబరాతా' అంటే ఏమిటో ఎదుటామెకి తెలుసు. దిల్ దడదడలాడటం, ఊపిరి చాలకపోవటం, పొయ్యి దగ్గర నిలబడి ఉన్నట్టుండి అన్నీ మర్చిపోవటం, అన్నీ ఉన్నాయి ఆ రెండు మాటల్లో. తెలుగులో 'భయమేస్తోందంట' అని రాసుకుంటే అందులో సగం పోతుంది. 181కి ఫోను చేయొచ్చు. 2015 నుంచి సఖి కేంద్రాలు వచ్చాయి, డాక్టరు, పోలీసు, వకీలు, కౌన్సెలరు ఒక్కచోట, ఐదు రోజుల వరకు తలదాచుకోవచ్చు. ఐదు రోజుల తర్వాత ఎక్కడికి అన్నది మాత్రం ఆమె ప్రశ్నే. ఉర్దూని రెండో అధికార భాషగా తెలంగాణ 2017లో ప్రకటించింది. బోర్డుల మీద రాయించారు. బోర్డు కింద బల్ల మీద కూర్చున్న మనిషికి ఆ భాష రావాలి కదా. వచ్చిన మనిషి మా లాంటిది కాకుండా కూడా ఉండాలి.

ఆ పిల్లని మళ్ళీ చూసింది 2011లో, కోర్టు వరండాలో. మేం వేరే వార్త కోసం వెళ్ళాం. మేం గుర్తుపట్టలేదు, ఆమే పలకరించింది. ఓణీ మామూలుగా వేసుకుంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కాగితాల కట్ట. పాప పెరిగింది, కొంగు పట్టుకుని బిస్కెట్టు తింటోంది. అన్న ఈసారి లోపలికి వచ్చాడు, గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఆపా, ఆ దినం మీరు 'పట్టుకున్నడు' అన్నరు" అంది. తెలుగులో అంది.

మాకేం తోచలేదు. హోంగార్డు మాట చెప్పాం. వాడు మనందరినీ అంటుంటే తట్టుకోలేకపోయాం అన్నాం. ఇంకేదో కూడా అన్నాం, 1992 సంగతి కూడా ఎత్తబోయాం.

"నేను గూడ విన్న. వాడు మాటన్నడు, ఈయన గొంతు పిసికిండు. రెండు ఒకటేనా ఆపా?"

జవాబు చెప్పేలోగా లోపలి నుంచి పిలిచారు. పాపని ఎవరి దగ్గర వదలాలా అని అటూ ఇటూ చూసి మా ఒళ్ళో కూర్చోబెట్టి వెళ్ళింది. తర్జుమాకి ఎవరైనా కావాలా అని ఎవరో అడిగారు. అక్కర్లేదంది. పాప బిస్కెట్టు ముక్క మా చేతిలో పెట్టి తినమంది. తలుపు ఓరగా వేసి ఉంది. ఆమె గొంతు కొంచెం వణికి, సర్దుకుని, వరండాలోకి వినపడింది: "నేను చెప్త సార్. ఒక్కదాన్నే కొట్టిండు. రెండు చేతులతోని గొంతు పిసికిండు. ఊపిరాడలే."